పట్టభద్రుడు కాని యాచార్యుడు : వెల్షుకవి తామస్ గ్విన్ జోన్స్

1919వ సంవత్సరమున వేల్సు దేశమందలి అబెరిస్త్‌విత్ విశ్వవిద్యాలయ కళాశాలలో వెల్షు సాహిత్యమునకు ప్రత్యేకముగ నొక యాచార్యపీఠము నెలకొల్పబడెను. దానికి గ్రెగినోగ్ పీఠమని పేరు. ఆ పీఠము నధిష్ఠించిన మొదటి యాచార్యుడు తామస్ గ్విన్ జోన్స్. అప్పటి కాతనికి ఐదుపదుల ప్రాయము సమీపించుచుండెను. ఆతడు ఏ విశ్వవిద్యాలయమునందును విద్యార్థిగా నుండలేదు. ఏ పట్టమును పొందలేదు. యౌవనమంతయు వార్తాపత్రికల కార్యాలయములలో గడపినవాడు. మరుసటి సంవత్సరమున అదే కళాశాలలో వెల్షు భాషాపీఠమునకు వచ్చిన టి. హెచ్. పారీ-విలియమ్స్ జర్మనీలోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందినవాడు. భాషకు ఫ్రైబుర్గునుండి ఒకడును, సాహిత్యమునకు పత్రికాలయమునుండి ఒకడును వచ్చి పక్కపక్కల కూర్చుండుట వెల్షు విద్యాచరిత్రలో గమనింపదగిన ఘట్టము.

గ్విన్ జోన్సును గూర్చి వ్రాయువారు సామాన్యముగ రెండు మాటలందురు. ఆతడు స్వయంశిక్షితుడనునది మొదటిది. పత్రికావృత్తి ఆతని కాలమును హరించినదనియు, గ్రంథాలయమునకును కళాశాలకును చేరినపిమ్మటనే ఆతడు తన యసలు పనికి వచ్చెననియు ననునది రెండవది. ఈ రెండు మాటలలోను సత్యము లేకపోలేదు. కాని రెండును సగము సత్యములే యని మా యభిప్రాయము. ఆతనికి బోధించిన విద్యాలయము లేదనుట నిజము. బోధించిన సంస్థలు లేవనుట నిజము కాదు. తన భాషలో విద్య గరపు విశ్వవిద్యాలయము లేని జాతి, దానికి బదులుగా తాను నిర్మించుకొన్న సంస్థలలో ఆతడు చదువుకొనెను. వానిలో వార్తాపత్రిక యొకటి. ఈ విషయమును ఆతని జీవితక్రమము ననుసరించి నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము.

1. దేశకాలములు

గ్విన్ జోన్స్ 1871 అక్టోబరు 10వ తేదీన ఉత్తర వేల్సులోని డెన్బీ మండలమున బెతుస్-అన్-రోస్ అను గ్రామమున జన్మించెను. తండ్రి ఐసాక్ జోన్స్, తల్లి జేన్. ఆతడు వారికి ప్రథమ సంతానము. ఇంటిభాష, పొలము భాష, ప్రార్థనామందిరపు భాష వెల్షు. బడిభాష మాత్రము ఇంగ్లీషు.

ఈ వైరుధ్యమునకు మూలము తెలియనిదే ఆ తరమువారి విద్య మనకు బోధపడదు. 1847లో వేల్సునందలి విద్యాపరిస్థితులపై ముగ్గురు ఆంగ్ల విచారణాధికారులు సమర్పించిన నివేదిక వెల్షుభాషను ప్రజల యభివృద్ధికి ఆటంకముగ పేర్కొనెను; ప్రజల నీతివర్తనమునుగూడ నిందించెను. ఆ నివేదిక సంపుటముల అట్టలు నీలివర్ణములగుటచే వెల్షువారు దానిని 'నీలిపుస్తకముల ద్రోహము' అని నేటికిని స్మరింతురు. కొన్ని బడులలో వెల్షు మాటాడిన బాలుని మెడలో ఒక చెక్కముక్కను వ్రేలాడగట్టెడివారు. మరియొక బాలుడు వెల్షు మాటాడగా వినినచో అది వాని మెడకు మారును. దినాంతమున నది యెవని మెడలో నుండునో వానికి దండన. 1870 నాటి ప్రాథమిక విద్యాశాసనము బడులను విస్తరింపజేసినది గాని వానిలో వెల్షుకు చోటొసగలేదు. గ్విన్ జోన్స్ పుట్టిన మరుసటి సంవత్సరమే, అనగా 1872లో, అబెరిస్త్‌విత్ కళాశాల తెరువబడెను. వేల్సు విశ్వవిద్యాలయమునకు రాజశాసనము 1893లో లభించెను. ఐనను ఆ కళాశాలలలో చిరకాలము వెల్షు సాహిత్యమును సైతము ఇంగ్లీషు మాధ్యమముననే బోధించుచుండిరి.

బడి చేయని పనిని మూడు సంస్థలు చేసినవి. మొదటిది ఆదివారపు బడి. విలియమ్ మోర్గన్ అనువదించిన బైబిలు 1588లో ప్రకటితమై వెల్షు గద్యమునకు ప్రమాణమును నెలకొల్పెను. పదునెనిమిదవ శతాబ్దమున గ్రిఫిత్ జోన్స్ నడపిన సంచారపాఠశాలలును, శతాబ్దాంతమున తామస్ చార్లెస్ వ్యాపింపజేసిన ఆదివారపు బడులును పిల్లలకేగాక పెద్దలకును ఆ గ్రంథముద్వారా అక్షరజ్ఞానమును కలిగించినవి. రెండవది ఐస్తెద్వొద్ అను కవిగాయకుల పోటీసభ. గ్రామమందలి చిన్నసభ మొదలు ఏటేట జరుగు జాతీయసభ వరకు నీ సభలు శ్రేణిగా నేర్పడి, పొలముదున్నువానికిని రాతిగనిలో పనిచేయువానికిని కవితాపరీక్ష నొసగుచుండెను. ఆ పరీక్షకు ప్రవేశార్హత పద్యమే గాని పట్టము కాదు.

మూడవది వార్తాపత్రిక. 1855లో పత్రికలపై ముద్రాసుంకమును, 1861లో కాగితపు సుంకమును తొలగుటతో వెల్షు పత్రికలు బలపడినవి. అంతకు ముందే, 1843లో, విలియమ్ రీస్ అను కవి లివర్పూలునుండి 'ఆమ్సెరై' అను పత్రికను వెలువరించెను. 'ఆమ్సెరై' అనగా 'కాలములు'. ఆతడును గొఱ్ఱెలకాపరియై పెరిగి, స్వయముగ చదువుకొని, కవియు మతబోధకుడును అయినవాడు. 1857లో తామస్ గీ అను ముద్రాపకుడు డెన్బీ పట్టణమునుండి 'వేల్సు పతాక' అను నర్థముగల పత్రికను ప్రారంభించెను. రెండు పత్రికలును 1859లో ఏకమై 'బానెర్ ఆక్ ఆమ్సెరై కమ్రి' అను పేర వెలసినవి. తామస్ గీ పత్రికతో తృప్తిచెందలేదు. 1854 మొదలు 1879 వరకు పదిసంపుటములలో వెల్షుభాషలో నొక విజ్ఞానసర్వస్వమును ముద్రించెను. ఒక చిన్నపట్టణపు ముద్రణాలయమునుండి విజ్ఞానసర్వస్వము వెలువడుటను బట్టియే, విశ్వవిద్యాలయము చేయదగిన పని నెవరు చేయుచుండిరో తెలియుచున్నది.

2. పత్రికాలయమను పాఠశాల

గ్విన్ జోన్స్ డెన్బీలోను అబెర్గెలెలోను కొంతకాలము బడిలో చదివెను. ఆక్స్‌ఫర్డునకు పోవలయునని యాశించెను గాని ఆరోగ్యము సహకరింపలేదు. గ్రీకు, లాటిను మొదలగు భాషలకై స్వయముగ కృషిచేసెను. 1890 ప్రాంతమున, ఇరువదియేండ్లైన నిండకమునుపే, తామస్ గీ పత్రికలో ఉపసంపాదకుడుగ చేరెను. తరువాత లివర్పూలునందలి 'అ కమ్రో' అను వెల్షు పత్రికలో కొంతకాలము పనిచేసి, తిరిగి డెన్బీకి వచ్చి, గీ మరణించిన 1898 ప్రాంతమున కైర్నార్వన్ పట్టణమునకు పోయి అచటి 'హెరల్డ్' పత్రికలలో చేరెను. 1899లో ఆతని వివాహము జరిగెను.

తామస్ గీ నడపినది కేవల వార్తాపత్రిక కాదు. 1880ల చివర డెన్బీ మండలపు రైతులు, తమది కాని మతసంస్థకు దశమాంశపు పన్ను చెల్లింపజాలమని తిరుగబడినప్పుడు ఆ పత్రికయే వారికి నోరైనది. ఆ పోరాటము జరిగిన మండలములోనే గ్విన్ జోన్స్ పెరిగెను. ఆ పోరాటమును నడపిన పత్రికలోనే తొలికొలువు చేసెను. తరువాత 1913లో గీ జీవితచరిత్రను వ్రాసినవాడును ఆతడే.

ఉపసంపాదకుని నిత్యకర్మ యేమి? ఇంగ్లీషులో వచ్చిన పార్లమెంటు చర్చను, యుద్ధవార్తను, ధరల పట్టికను, నేరవిచారణను సాయంకాలములోపల వెల్షుచేయుట. ఇది చూచుటకు నీచమైన పని. కాని దీనియందొక పరీక్ష కలదు. బైబిలు భాషలో లేని వస్తువులను, ఉపన్యాసవేదిక యెరుగని విషయములను, రైతుకు తెలియు మాటలలో చెప్పవలయును. పత్రికాభాష ఇంగ్లీషువాక్యమునకు వెల్షుతొడుగై పోవు ప్రమాదమప్పటికే ప్రబలియుండెను. ఆ ప్రమాదమును గూర్చి వెల్షువారిని తీవ్రముగ హెచ్చరించినవాడు ఎమ్రిస్ ఆప్ ఇవాన్ అను కలముపేరుగల రాబర్ట్ ఆంబ్రోస్ జోన్స్. అబెర్గెలె ప్రాంతమువాడు, ఐరోపాదేశములలో చదివిన మతబోధకుడు. పాత వెల్షు గద్యకారులను చదువుడు, మన వాక్యమును మన వాక్యముగ వ్రాయుడు, ఆంగ్లేయుని యనుకరణమున గౌరవము లేదు - ఇది యాతని బోధలోని సారము. గ్విన్ జోన్స్ ఆతనిని గురువుగ భావించెను. 1912లో ఆతని జీవితచరిత్రను వెలువరించెను. వెల్షు జీవితచరిత్రారచనలో ఆ గ్రంథమునకు ప్రత్యేకస్థానము కలదు.

కైర్నార్వన్ ఆనాడు వెల్షు ముద్రణకు ప్రధానకేంద్రము. 'హెరల్డ్' సంపాదకుడు డేనియల్ రీస్ దాంతే మహాకావ్యమును వెల్షులోనికి అనువదించి 1903లో ప్రకటించెను. వార్తాపత్రిక సంపాదకుడు దాంతేను అనువదించుట యొకచోట వింతయని తోచును. కైర్నార్వనులో నది వింతకాదు. అచటి రచయితలకు పండితసభయు, చర్చావేదికయు, జీవనోపాధియు ఒక్క కప్పుక్రింద నుండెను. గ్విన్ జోన్స్ 1898లోను 1899లోను నవలలను వెలువరించెను; 1902లో తన దేశపు కపటములను పరిహసించు పద్యసంపుటమును ప్రకటించెను. ఆ నవలలలో తొందరపాటు కనబడును. కాని ఆ తొందరలోనే ఆతని కలము వెల్షు గద్యపు సకల మార్గములలో నడచి, చేయి తిరిగినది.

3. కంఘానెద్ నియమమును, 1902 నాటి కావ్యమును

గ్విన్ జోన్స్ కీర్తికి మూలమైన కావ్యమును తెలిసికొనుటకు ముందు వెల్షు ఛందస్సును గూర్చి కొంత చెప్పవలసియున్నది. సంప్రదాయబద్ధమైన వెల్షు పద్యమునకు ప్రాణము కంఘానెద్ అను శబ్దనియమము. మన పద్యమున యతికి పాదాద్యక్షరముతో ఒక నియతస్థానమున మైత్రి చాలును. ప్రాసకు ద్వితీయాక్షరసామ్యము చాలును. కంఘానెద్ అంతటితో తృప్తిపడదు. దాని ప్రధానభేదములలో పాదపూర్వభాగమందలి హల్లులు అదే క్రమమున ఉత్తరభాగమున మరల వినబడవలయును, అచ్చులు మారవచ్చును. వేరొక భేదమున పాదములోపలనే అంత్యప్రాస పొసగవలయును. మనకు ఐచ్ఛికమైన అనుప్రాసాలంకారమును ప్రతిపాదమునను తప్పనిసరియగు ఛందోనియమముగ చేసినట్లు భావించినచో దాని కాఠిన్యము కొంత స్ఫురించును. ఇట్టి నియమముతో, ఇరువదినాలుగు సంప్రదాయవృత్తములలో, దీర్ఘముగ రచించు కావ్యమును ఆవ్దల్ అందురు. జాతీయ ఐస్తెద్వొద్‌లో ఉత్తమమైన ఆవ్దల్ రచించిన కవికి ఆసనమును బహూకరింతురు. స్వేచ్ఛతరమైన ఛందస్సులలోని కావ్యమునకు కిరీటమును బహూకరింతురు.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ ఆవ్దల్ క్షీణించియుండెను. సత్యము, కాలము, అమరత్వము వంటి విషయములపై కవులు వందలకొలది పాదములు పేర్చుచుండిరి. విలియమ్ ఓవెన్ ప్యూ నిఘంటువు పుట్టించిన కృత్రిమపదములు భాషను కలుషితము చేసినవి. నియమము నెరవేరినది, కవిత్వము వెడలిపోయినది. ఆక్స్‌ఫర్డున చదివి బాంగర్ కళాశాలలో వెల్షు ఆచార్యుడైన జాన్ మారిస్-జోన్స్ ఈ దుస్థితిపై దండెత్తెను. పూర్వకవుల శుద్ధభాషను ప్రమాణముగ నిలిపి, ఐస్తెద్వొద్ న్యాయనిర్ణేతగ కవులను నిర్దాక్షిణ్యముగ పరీక్షించెను.

1902లో జాతీయసభ బాంగరులో జరిగెను. ఆవ్దల్‌కు 'ఆర్థరు నిష్క్రమణము' విషయము. న్యాయనిర్ణేతలలో మారిస్-జోన్స్ ఒకడు. ఆసనము గ్విన్ జోన్సునకు లభించెను. అదే సభలో కిరీటము సిలిన్ రాబర్ట్స్ అను కవికి వచ్చెను. వెల్షు కవిత్వమున నూతనయుగము ఈ సంవత్సరమున ప్రారంభమైనదని సాహిత్యచరిత్రకారు లంగీకరింతురు.

కథ ప్రసిద్ధమే. కడపటి యుద్ధమున గాయపడిన ఆర్థరు రాజు తన ఖడ్గమును సరస్సున విసరివేయుమని బెద్‌విర్ అను వీరుని ఆజ్ఞాపించును. ఆతడు మొదట మనసొప్పక మరలివచ్చును, తుదకు విసరును. దివ్యకన్యలున్న నావ వచ్చి రాజును అవలోన్ ద్వీపమునకు గొనిపోవును. బెద్‌విర్ ఒంటరిగ మిగులును. కవి యేమి చేసెను? ధర్మోపదేశమును తొలగించెను, కథను కథగా నడపెను. కఠినమైన కంఘానెద్ నియమము సంభాషణకును దృశ్యవర్ణనకును అడ్డుతగులక వానికి నాదమైనది. మధ్యయుగపు కవులనుండి గ్రహించిన పదములు పాతబడిన వస్తువులవలె గాక ఊపిరిగల మాటలవలె వినబడినవి. అవలోన్ ఆతని కావ్యమున కేవలము ఒక ద్వీపము కాదు. ఓడిపోయిన జాతి తన యాశను దాచుకొన్న చోటు. నావ నెక్కిన రాజుకంటె తీరమున నిలిచిన బెద్‌విరే మాకు ఆ కావ్యమునకు కేంద్రముగ తోచుచున్నాడు. ఏలయన, రాజు పోయినపిమ్మట పని చేయవలసినవాడు ఆతడు.

ఈ కావ్యమును వ్రాసిన దినములలో కవి పత్రికాలయమున కొలువుండెనని మరువరాదు. పత్రికకు వ్రాసిన వాక్యము ఆనాడే అచ్చగును. దానిని దిద్దుట కవకాశము లేదు. 'ఆర్థరు నిష్క్రమణము'ను మాత్రము ఆతడు బహుమతి వచ్చినంతనే ముగించిన పనిగ నెంచలేదు. 1910లో సంపుటముగ ప్రకటించునప్పుడు దిద్దెను, తరువాతను దిద్దెను. దినమునకొక వ్రాత చేసి పారవేయు వృత్తిలో నున్నవాడు, పారవేయని వ్రాత యొకటి తనకుండవలయునని కోరుట సహజము. ఆ వృత్తి ఆతనికి వేగమునిచ్చెను. ఆ వేగముపై విముఖతను గూడ ఇచ్చెను. ఆతని శిల్పశ్రద్ధకు ఈ రెండవది యొక కారణమని మేమూహించుచున్నాము.

4. గ్రంథాలయమునుండి పీఠమునకు

వృత్తి వెల తీసికొనకపోలేదు. క్షయవ్యాధి సోకి, 1905లో గ్విన్ జోన్స్ ఆరోగ్యార్థమై ఈజిప్టుకు పోవలసివచ్చెను. ఆ ప్రయాణమునుగూడ ఆతడు వ్యర్థము చేయలేదు. మధ్యధరాసముద్రమును ఈజిప్టును గూర్చిన ఆతని గ్రంథము 1912లో వెలువడెను. స్వదేశమునకు తిరిగివచ్చిన తరువాత మరల పత్రికాపనియే. 1909లో లండనులో జరిగిన జాతీయసభలో 'పర్వతభూమి' అను నర్థముగల ఆవ్దల్‌కు రెండవపర్యాయము ఆసనము పొందెను.

ఆ సంవత్సరమే ఆతని జీవితము మలుపు తిరిగినది. 1907లో రాజశాసనము పొందిన వేల్సు జాతీయగ్రంథాలయము అబెరిస్త్‌విత్‌లో 1909లో పని ప్రారంభించెను. గ్విన్ జోన్స్ అందు గ్రంథసూచికల పనిలో చేరెను. సర్ జాన్ విలియమ్స్ సమర్పించిన పెనియార్త్ వ్రాతప్రతులు ఆ గ్రంథాలయమునకు మూలధనము. ప్రాచీన వెల్షు కవిత్వమును కథలును భద్రపరచిన ప్రధానగ్రంథము లందున్నవి. ముద్రితపుస్తకములద్వారా, ఆదివారపు బడిద్వారా, సంపాదకుల ద్వారా పరోక్షముగ నెరిగిన సంప్రదాయమును ఆతడిప్పుడు మూలముననే చూడగలిగెను. 1913లో కళాశాల ఆతనిని వెల్షు ఉపన్యాసకునిగ నియమించెను. ఆరేండ్లకు గ్రెగినోగ్ పీఠము. 1937లో విరమించువరకు ఆతడాస్థానమున నుండెను.

విద్వాంసుడుగ ఆతని కృషి విపులమైనది. ప్రాచీన రాజాస్థానకవుల ప్రణయగీతములను గూర్చి 1915లో నొక గ్రంథమును వెలువరించెను. తిదిర్ ఆలెద్ అను మధ్యయుగకవి కృతులను 1926లో రెండు సంపుటములుగ పరిష్కరించెను. వేల్సు జానపదవిజ్ఞానమును గూర్చి 1930లో ఇంగ్లీషున గ్రంథమును రచించెను. ఐర్లండు భాషను నేర్చి దాని పద్యములను వెల్షుచేసి 1923లో ప్రకటించెను. గేటే 'ఫౌస్టు'ను 1922లో అనువదించెను. ఈ పట్టికలో ఒక లక్షణము గమనింపదగినది. పరిష్కర్త, అనువాదకుడు, చరిత్రకారుడు, జానపదవిజ్ఞాని అను విభాగములు ఆతనియందు వేరుకాలేదు. విశ్వవిద్యాలయమున చదివినవానికి విషయవిభాగము సహజము. పత్రికాలయమున నేర్చినవానికి ఉదయమున పార్లమెంటును, మధ్యాహ్నమున పద్యమును చేతికి వచ్చును. దీనివలన కొన్నియెడల ఆతని పరిష్కరణమున లోపములు కలిగినవేమో యని శాస్త్రనిష్ఠులు సందేహింపవచ్చును. కాని తరువాతివారు దిద్దుటకైనను ఒక తిదిర్ ఆలెద్ ఉండవలయునుగదా!

5. యుద్ధము, భాష, దహనము

మొదటి ప్రపంచయుద్ధము గ్విన్ జోన్సును తీవ్రముగ కలచివేసెను. ఆతడు శాంతివాది. అబెరిస్త్‌విత్ ప్రార్థనామందిరమున బోధకుడు విజయము కొరకు దేవుని ప్రార్థింపగా, ఆతడు లేచి వెలుపలికి నడచిపోయెనని ప్రసిద్ధి. తనను చదివించిన సంస్థలలో ప్రార్థనామందిరము మొదటిదని తలచినచో, ఆ కొన్ని యడుగుల వెనుక నెంత దుఃఖమున్నదో ఊహింపవచ్చును.

ఆ యుద్ధకాలమున పుట్టినదే 'మదోగ్' కావ్యము. ఒవైన్ గ్విన్నెద్ రాజు 1170లో మరణించిన తరువాత ఆతని కుమారులు రాజ్యముకై పోరాడిరి. మదోగ్ అను కుమారుడు ఆ సోదరకలహమును సహింపలేక పశ్చిమసముద్రముపై ఓడ నడపెనని ఐతిహ్యము. ఐతిహ్యమున మదోగ్ క్రొత్తభూమిని చేరును. గ్విన్ జోన్స్ కావ్యమున చేరడు. తుపానులో ఓడలు మునిగిపోవును. శాంతిద్వీపము కలదను నమ్మకమును 1902 నాటి కవి నిలిపెను. మహాయుద్ధము నాటి కవి నిలుపజాలకపోయెను. ఈ కావ్యమునకై ఆతడు సంప్రదాయవృత్తములలో లేని క్రొత్త దీర్ఘపాదమును కల్పించి, దానికి కంఘానెద్ నియమమును పొసగించెను. సంప్రదాయమును కాపాడుట యనగా దానిని కదలనీయకుండుట కాదని యాతని యాచరణము.

1927 నాటి 'ఆర్గోయిద్' మరింత తీవ్రమైనది. ఆర్గోయిద్ ప్రాచీన గాల్‌దేశమందలి అరణ్యభూమి. అచటివారు రోముకు లొంగక తమ పాటలతో తమ యాచారములతో బ్రతుకుచుందురు. వారి కవి యొకడు పట్టణమునకు పోయి పాడగా, స్వజాతివారే రోమునకు దాసులై, లాటినునకు మరగి, ఆతని భాషను గుర్తింపరు. తుదకు రోము చేయి ఆర్గోయిదుపైకి చాచినప్పుడు ఆ జనులు కప్పము కట్టుటకు మారుగ తమ యరణ్యమును దహించి తామును నశింతురు. కథ గాల్‌ది, వేదన వేల్సుది. 1901 జనాభాలెక్కలలో వేల్సు ప్రజలలో రమారమి సగముమంది వెల్షు తెలిసినవారు. 1911 నాటికి నూటికి నలువదినలుగురికి లోబడిరి. 2021 లెక్కలలో ఆ సంఖ్య 5,38,000. అనగా నూటికి పదునెనిమిదికి కొంచెము తక్కువ. కవి భయము నిరాధారము కాదు.

వృద్ధాప్యమునందును ఆతడు నిలిచిపోలేదు. 1930ల నడుమ మారుపేరుతో ప్రకటించిన కవితలలో యంత్రయుగపు భయములను, విరిగిన లయలో, అయినను కంఘానెద్ ధ్వనితో పలికించెను. అవి 'జ్వరము' అను నర్థముగల పేరుతో 1944లో గ్రంథమైనవి. పాతమాటల మాంత్రికుడని తనను మెచ్చినవారికి ఇది యాతని సమాధానము. 1937లో ప్రభుత్వ గౌరవబిరుదమును, 1938లో వేల్సు, ఐర్లండు విశ్వవిద్యాలయముల గౌరవ డాక్టరు పట్టములును ఆతనిని వరించినవి. పీఠమునెక్కి, దిగిన పిమ్మట పట్టము వచ్చెను. 1949 మార్చి 7వ తేదీన అబెరిస్త్‌విత్‌లో మరణించెను.

6. ఉపసంహారము

పత్రికావృత్తి గ్విన్ జోన్సు కాలమును హరించినదను మాటను ఇప్పుడు విమర్శింపవచ్చును. అది యాతని యారోగ్యమును హరించెను, తొలినవలలను తొందరపెట్టెను, ఆతడు వ్రాసినదానిలో అధికభాగమును పాతపత్రికల పుటలలో చెల్లాచెదరు చేసెను. ఇది నష్టమే. కాని ఆ వృత్తి లేనిచో ఆతనికి ఎమ్రిస్ ఆప్ ఇవాన్ బోధను నిత్యము పరీక్షించుకొను చోటు లేదు. డేనియల్ రీస్ వంటి సహచరులు లేరు. భాష యనునది వ్రాతప్రతిలో నుండు నిధి మాత్రమే కాక, రేపటి యుదయమున రైతు చదువవలసిన వాక్యము కూడ నను జ్ఞానము లేదు. మారిస్-జోన్స్ వ్యాకరణపండితుడుగ భాషాశుద్ధిని విధించెను. దానిని శవశుద్ధి కాకుండ కాపాడినవాడు గ్విన్ జోన్స్. ఆ బలము ఆతనికి గ్రంథాలయమున లభించినది కాదు, గ్రంథాలయమునకు వెంటగొనివచ్చినది.

ఇక స్వయంశిక్షితుడను మాట. ఆతని కృషి స్వయంకృషియే; అందు సందేహములేదు. కాని ఆ మాటచే వ్యక్తిని మాత్రమే పొగడినచో ఆతనికి చదువు చెప్పిన ముద్రాపకునకు, సంపాదకునకు, ఆదివారపు బడి పంతులునకు, గ్రామసభలోని న్యాయనిర్ణేతకు చరిత్రలో చోటుండదు. వారెవ్వరును విద్యాసంస్థల పట్టికలలో కనబడరు. వారు చేసిన విద్య మాత్రము ఒక యాచార్యపీఠమునకు అధిపతి నొసగినది.

1919లో ఆతని పాఠములు వినవచ్చిన విద్యార్థులలో గ్వెనాల్ట్ అను యువకుడు కలడు. దక్షిణ వేల్సు శ్రామికకుటుంబమువాడు. యుద్ధమున చేరనిరాకరించి చెరసాలలోనుండి అప్పుడే విడుదలయై వచ్చినవాడు. 1926లో జాతీయసభ ఆసనమును పొంది, తరువాత అదే శాఖలో ఉపన్యాసకుడై, ఆ శతాబ్దపు ప్రముఖ వెల్షుకవులలో నొకడయ్యెను. ఆతడు పట్టభద్రుడు. ఆతని తరము వెల్షు కవులలో పెక్కుమందికి కళాశాలయే ద్వారమైనది. ఇది వెల్షుభాషకు విజయము. ఐనను విశ్వవిద్యాలయము తలుపు తెరచిన పిమ్మట వెలుపలి పాఠశాలలను మరచుట సులభము. సాహిత్యచరిత్ర వ్రాయబూనిన మనము వ్రాతప్రతికి చూపు శ్రద్ధలో కొంత దుమ్ముపట్టిన పత్రికాసంపుటములకును చూపవలసియున్నది. ఆ సంపుటములలో దినదినము తొందరగ వ్రాయబడిన పంక్తుల నడుమ, పేరు లేకుండ, ఒక మహాకవి చదువుకొనుచు నుండవచ్చును.